పిల్లికి చెప్పుకున్న గోడు

విఠలాచార్య సినిమాల్లో దయ్యాలను చూసి, భయపడుతూనే కేరింతలు కొట్టిన వాళ్ళం మనలో చాలామందిమి. జపాను ప్రేక్షకులకూ అలాంటి ముచ్చట ఒకటుంది. అది పిల్లి దయ్యం. వారి భాషలో 'బకెనెకొ'.

ఈ కథల్లో పేరుమోసినది క్యూషూ ద్వీపంలోని సాగా సంస్థానానిది. అక్కడి ప్రభువులు ర్యూజోజి వంశంవారు. 1607లో ఆ వంశపు వారసుడు చనిపోవడంతో అధికారం వారి కొలువులోని నబెషిమా వారికి దక్కింది. చరిత్ర ఇంతే. జనం మాత్రం అంతటితో ఊరుకోలేదు. పలక మీద రాళ్ళతో ఆడే 'గో' ఆటలో కోపం పట్టలేక నబెషిమా ప్రభువు ఒక ర్యూజోజి యువకుణ్ణి చంపాడని కథ అల్లారు. ఏలేవాడే హంతకుడైతే ఎవరితో మొరపెట్టుకోవాలి? కన్నతల్లి తన పెంపుడు పిల్లికి గోడు చెప్పుకుని ప్రాణం తీసుకుంటుంది. ఆమె నెత్తురు నాకిన పిల్లి ఆడరూపంలో అంతఃపురం చేరి ప్రభువును పీడిస్తుంది.

1853లో ఎదో నగరంలో (నేటి టోక్యో) దీన్ని నాటకంగా కడితే నబెషిమా వారు పట్టుబట్టి ఆపించారు. రెండున్నర శతాబ్దాల తర్వాత కూడా ఆ పిల్లి వారికి నిద్ర పట్టనివ్వలేదన్నమాట!

సినిమాను ఆపేవారు లేకపోయారు. 1937లో 'సాగా కైబ్యోదెన్' వంటి చిత్రాలతో సుజుకి సుమికో పిల్లి దయ్యం వేషానికి పెట్టింది పేరయింది. 1953లో 'కైదాన్ సాగా యషికి'లో ఆ వేషం ఇరియె తకాకోకు వచ్చింది. కులీన కుటుంబంలో పుట్టి, 1932లోనే సొంత నిర్మాణసంస్థ పెట్టిన తార ఆమె. నలభై దాటాక ఆమె ఈ వేషాలు కట్టింది.

పాత కథ ముగింపులో నమ్మినబంటు పిల్లిని చంపుతాడు, ప్రభువు ఇల్లు నిలుస్తుంది. తల్లి గోడు మాత్రం అలాగే మిగిలిపోతుంది.

1968లో షిందో కనెతో తీసిన 'కురోనెకొ' ఆ ముగింపును ఒప్పుకోలేదు. అందులో సమురాయ్‌లు చెరచి చంపిన అత్తాకోడళ్ళు పిల్లి దయ్యాలై ఆ జాతి యోధులనే వేటాడతారు. వారిని చంపమని ప్రభువు పంపిన యోధుడు ఎవరో కాదు, యుద్ధం నుంచి తిరిగివచ్చిన ఆ ఇంటి కొడుకే. ఇక్కడ నిలబెట్టవలసిన ప్రభువు ఇల్లంటూ లేదు. కాలిపోయిన పేదల గుడిసె ఒక్కటే ఉంది.