పాత కుట్టుయంత్రములు: వాని చరిత్ర, వాని భాగములు

నూరేండ్ల పండుగ జరుపుకొను సంఘములలో పాత భవనములను, పాత రిజిస్టరులను, పాత గంటలను గూర్చి వ్రాయువారు కలరు. పనిముట్లను గూర్చి వ్రాయువారు అరుదు. అయినను మనలో అనేక కుటుంబములకు అన్నము పెట్టినది ఒక కుట్టు మిషనే. దర్జీ దుకాణములోను, చెప్పులు కుట్టువాని యొద్దను, స్త్రీలకు కుట్టుపని నేర్పు గదిలోను ఏబది అరువది ఏండ్లు నడిచిన ఆ నల్లని ఇనుప తల ఒక దినమున ఆగిపోవును. ఒక చిన్న స్ప్రింగు విరిగియుండును, లేదా షటిల్ అరిగియుండును. "దీనికి సామాను దొరకదు" అను ఒక్క మాటతో అది పాత ఇనుము కొనువాని త్రాసు నెక్కును. మేము చూచినంత మట్టుకు నిజముగా సామాను దొరకక పోయిన మిషనులు కొన్నియే. అది ఏ మిషనో ఎవరికిని తెలియక పోయినవే అనేకములు. కావున ఈ యంత్రముల చరిత్రను తెలిసికొనుట కేవలము కాలక్షేపము కాదు. అది ఒక ఇంటి జీవనోపాధిని నిలుపు సంగతి.

యంత్రము పుట్టుక

1830లో ఫ్రాన్సు దేశమున బార్తెలెమీ తిమోనియే అను దర్జీ కుట్టుయంత్రమునకు పేటెంటు పొందెను. సైనికుల దుస్తులు కుట్టుటకు సుమారు 80 యంత్రములతో పారిస్ నగరమున పని నడుచుచుండగా, తమ కూడు పోవునని భయపడిన దర్జీలు 1831లో వాటిని విరుగగొట్టిరి. 1846లో అమెరికాలో ఎలియాస్ హో, సూది మొనయందు రంధ్రమును, క్రింద షటిల్‌ను ఉపయోగించి రెండు దారములతో కుట్టు యంత్రమునకు పేటెంటు పొందెను. 1851లో ఐజాక్ సింగర్ తన యంత్రమునకు పేటెంటు పొందెను. గుడ్డను ముందుకు నెట్టు పళ్ళ ఏర్పాటును, గిర్రున తిరుగు కొక్కెమును ఇచ్చినవాడు ఆలెన్ విల్సన్. నేటి మిషనును విప్పి చూచినను ఈ మువ్వురి ఆలోచనలును అందులో కనబడును. 170 ఏండ్లనాటి మూలసూత్రము మారలేదు గనుకనే పాత యంత్రమును బాగుచేయుట నేటికిని సాధ్యమగుచున్నది.

ఆకురాయి కాలము

భాగములను వెదకువారు తప్పక తెలిసికొనవలసిన చరిత్ర ఒకటి కలదు. ఒక మిషను భాగము అదే రకపు మరియొక మిషనుకు సరిపోవునని మనము తలంచుచుందుము. మొదట అట్లు లేదు. విల్‌కాక్స్ అండ్ గిబ్స్ యంత్రములను 1858 మొదలుకొని బ్రౌన్ అండ్ షార్ప్ అను కర్మశాలవారు కొలత తప్పకుండ చేయసాగిరి. సింగర్ కంపెనీలోనైతే చాలకాలము పనివారు ఆకురాయితో ఒక్కొక్క భాగమును రుద్ది, ఒకదానికొకటి సరిచేసి, ఆ మిషను నంబరునే భాగములమీద కొట్టి, పిమ్మట వాటిని గట్టిపరచి మరల కూర్చెడివారు. 1880 నాటికి ఏటా సుమారు 5 లక్షల మిషనులు అమ్ముడుపోవుచుండగా ఈ పద్ధతి చాలక, ఆ దశకములో మార్పు వచ్చెను. కావున మిక్కిలి పాత మిషనులో లోపలి భాగములమీద మిషను నంబరే కనబడినయెడల, అవి ఒకదానికొకటి జతపరచబడినవని గ్రహించి, వాటిని చెదరనీయరాదు. తరువాతి కాలపు భాగములమీద "సిమాంకో" అను గుర్తును, భాగము నంబరును ఉండును. సింగర్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ అను పేరును కుదించినదే ఆ మాట.

పెద్ద కర్మాగారము

మన దేశమునకు వచ్చిన పాత సింగర్ మిషనులలో అనేకము స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంక్ పట్టణమున తయారైనవి. అక్కడి కిల్‌బోవీ కర్మాగారము 1885లో పూర్తియైనది. 1913లో ఒక్క యేడాదిలో అక్కడ 13 లక్షలకు పైగా మిషనులు తయారైనవి. గృహములకు చిన్నవి, దర్జీలకు పెద్దవి, తోలునకు, తెరచాపలకు బలమైనవి అచ్చటనుండి లోకమంతట చెదరిపోయినవి. ఆ కర్మాగారము 1980లో మూయబడెను. అమెరికాలోని ఎలిజబెత్ పట్టణపు కర్మాగారము 1982లో మూతబడెను. క్లైడ్‌బ్యాంక్‌లో నేడు మిగిలిన గుర్తులలో "సింగర్" అను పేరుగల రైలు స్టేషను ఒకటి. కర్మాగారము పోయినను మిషనులు మిగిలెను. అప్పటినుండి భాగములను వెదకు భారము మిషను గలవారిమీద పడినది.

యంత్రములను అంతగా ఇష్టపడని గాంధీగారు కూడ 1924లో సింగర్ కుట్టు మిషనును మినహాయించి మాట్లాడిరి. అది మనుష్యుని పని లాగుకొనక అతని శ్రమను తగ్గించునని వారి భావము. చెట్టు క్రింద కూర్చుండి ఒక మిషనుతో కుటుంబమును పోషించువానిని చూచినవారికి ఆ మాట వేరుగ వివరింప నక్కరలేదు.

మొదట పేరు, నంబరు

మిషను ఆగినప్పుడు విప్పుటకు ముందు దాని నంబరును వ్రాసికొనవలెను. సింగర్ మిషనులకు 1900కు పూర్వము అంకెలు మాత్రమే ఉండెడివి. ఆ తరువాత ముందు అక్షరము చేరెను. నంబరును బట్టి తయారైన సంవత్సరమును తెలిసికొనవచ్చును. రకమును తెలుపు సంఖ్య వేరు. దానిలో "కే" అను అక్షరమున్న అది కిల్‌బోవీలో తయారైనది. "డబ్ల్యు" ఉన్న అమెరికాలోని బ్రిడ్జిపోర్టుది. 29కే అనునది చెప్పులు, సంచులు అతుకు మిషను. దాని పాదము ఏ దిక్కునకైనను తిరుగును. 31 రకము దర్జీలది. మన టైలర్లు "అంబ్రెల్లా మిషను" అని పిలుచునది ఈ 31కే వంశములోనిదే. ఇట్టి నమూనాలు మన దేశమున నేటికిని తయారగుచున్నవి గనుక తాతలనాటి 31కేకు షటిల్, బాబిన్ కేసు, పళ్ళు మన బజారులోనే వెదకవచ్చును. పంజాబులోని లూథియానా పట్టణము ఈ మిషనులకును, వాని భాగములకును పేరుగన్నది.

మురికి తుడుచునప్పుడు జాగ్రత్త అవసరము. స్పిరిటు తగిలినయెడల పాత పూతయు, బంగారు అక్షరములును లేచిపోవును. వాటితో మిషను గుర్తులు కూడ పోవును. బిగుసుకొనిపోయిన మిషనుకు కిరసనాయిలు పోసి, కొన్ని దినములు నానబెట్టి, పిమ్మట మిషను నూనె వేయవలెను. కొబ్బరినూనె వేసినయెడల అది జిగురై మరల పట్టుకొనును.

సూది, స్క్రూ

"సూది దొరకదు" అనునది తరచుగా పేరు తెలియని చిక్కే. సింగర్ వారు 16×231 అని పిలుచు సూదిని జపాను పద్ధతిలో డీబీ×1 అనియు, జర్మనీ పద్ధతిలో 1738 అనియు అందురు. మూడు పేర్లు, సూది ఒక్కటే. 29కేకు గుడ్డ కుట్టు సూది 29×3, తోలు కుట్టు సూది 29×4. లావు సంఖ్యలు కూడ రెండు విధములు: 16 నంబరనినను 100 నంబరనినను ఒక్కటే, అనగా ఒక మిల్లీమీటరు మందము.

స్క్రూల సంగతి వేరు. సింగర్ వారి మరలు బజారు మరలవంటివి కావు. బజారులోని 3/16 అంగుళపు స్క్రూకు సాధారణముగా అంగుళమునకు 24 మరలుండగా, సింగర్ దానికి 28 ఉండును. ఇనుప సామానుల కొట్టులోని స్క్రూను బలవంతముగా ఎక్కించినయెడల తలలోని మర చెడిపోవును. పోయినది ఒక స్క్రూ, పాడైనది మొత్తము తల. కావున విప్పిన ప్రతి స్క్రూను డబ్బాలో వేసి, అది ఎక్కడిదో కాగితముమీద వ్రాసి ఉంచవలెను. కొత్తది దొరకనియెడల అదే రకపు చెడిన మిషనునుండి తీయవలెను. రెండు ఆగిన మిషనులు కలిసి ఒక నడుచు మిషను కావచ్చును. అదియు లేనప్పుడు పాత ముక్కను చూపినయెడల లేత్ పనివాడు కొన్ని భాగములను చేసి ఇయ్యగలడు. విరిగిన ముక్కను పారవేసినవానికి ఈ దారి కూడ మూసికొనిపోవును.

సమాచారము ఎక్కడ

కంపెనీవారు ఒక్కొక్క రకమునకు భాగముల పట్టికను బొమ్మలతో అచ్చువేసిరి. సింగర్ కంపెనీ పాత దస్తావేజులు అమెరికాలోని విస్కాన్సిన్ చారిత్రక సంఘమువద్ద భద్రపరచబడియున్నవి. స్మిత్సోనియన్ సంస్థవారు పాత కుట్టుయంత్రముల పుస్తకములు అనేకము అందరు చూచునట్లు ఉంచిరి. క్లైడ్‌బ్యాంక్ మ్యూజియములో పాత మిషనులు కూర్చబడినవి. ఇవన్నియు దూరమున నున్నను, కంప్యూటరు తెలిసిన మన యువకులు ఒక్క సాయంకాలములో పట్టికను తెచ్చి చూపగలరు.

అయితే పుస్తకమందు లేనిది ఒకటి కలదు. షటిల్ మొన సూదిని ఏ క్షణమున దాటవలెనో చెవితో విని చెప్పగల ముసలి మెకానిక్కులు మన పట్టణములలో ఇంకను కొందరున్నారు. వారి కుమారులు వేరు పనులకు వెళ్ళిరి. వారి యొద్ద డబ్బాలలో పేరు తెలియని పాత భాగములు నిండియున్నవి. వారు పోయిన పిమ్మట ఆ డబ్బాలు కిలోల లెక్కన పోవును.

కాబట్టి మా మనవి చిన్నది. ప్రతి సంఘములోను మూలపడియున్న మిషనుల పేరు, నంబరు, ఏమి చెడినదో ఒక నోటు పుస్తకములో వ్రాయుడి. కుట్టుపని తెలిసిన ఒక యువకుని, ఒక యువతిని ఆ ముసలి మెకానిక్కు యొద్దకు ఈ యేడాదియే పంపుడి. ఆయన డబ్బాలోని భాగములకు ఆయన నోటనే పేర్లు వ్రాయించుడి. ఆ పని జరిగిన పిమ్మట ఏ మిషనును ఇనుముగా అమ్మవలెనో, ఏది ఒక విధవరాలి వాకిట మరల నడువగలదో మీకే తెలియును.