పసుపు గేటు నుంచి పసుపు గేటు దాకా: బార్‌క్లీ పందేనికి ప్రతిపద వ్యాఖ్య

బార్‌క్లీ మారథాన్స్ అనే పందేన్ని ఒక్క వాక్యంలో ఇలా చెప్పొచ్చు: పసుపు గేటు దగ్గర బయల్దేరి, అడవిలో, నిట్టనిలువు కొండల మీదుగా, గుర్తుల్లేని దారిన, పుస్తకాలు వెతుక్కుంటూ, అదే గేటుకు 5 సార్లు తిరిగి రావడం, అదీ 60 గంటల లోపు. ఇందులో ఏ మాటా అలంకారానికి పెట్టింది కాదు. ఒక్కొక్కటీ విప్పి చూద్దాం.

అడవి: అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో, వార్ట్‌బర్గ్ అనే చిన్న ఊరి దగ్గరున్న ఫ్రోజెన్ హెడ్ స్టేట్ పార్క్. శిఖరం ఎత్తు వెయ్యి మీటర్ల పైచిలుకే. దాన్ని ఆనుకుని బ్రషీ మౌంటెన్ జైలు ఉండేది, 2009లో మూసేశారు. మార్టిన్ లూథర్ కింగ్ హత్య కేసులో శిక్ష అనుభవిస్తున్న జేమ్స్ ఎర్ల్ రే 1977 జూన్‌లో ఆ జైలు గోడ దాటి పారిపోయాడు. 54 గంటలకు పైగా ఈ కొండల్లో పడి తిరిగినా కొద్ది మైళ్ళకు మించి వెళ్ళలేక దొరికిపోయాడు. ఆ వ్యవధిలో తానైతే 100 మైళ్ళు వెళ్ళేవాణ్ణని గ్యారీ కాంట్రెల్ అన్నాడు. ఆయనే 1986లో స్నేహితుడు కార్ల్ హెన్‌తో కలిసి ఈ పందెం మొదలుపెట్టాడు. పరుగు లోకంలో ఆయన్ని లాజరస్ లేక్ అంటారు. పాత జైలు కింది నుంచి నీళ్ళు పారే సొరంగం కూడా ఇప్పుడు దారిలో భాగమే.

నిట్టనిలువు: 5 చుట్లూ కలిపితే ఎక్కే ఎత్తు సుమారు 18,000 మీటర్లు, అంటే సముద్రమట్టం నుంచి ఎవరెస్టును రెండుసార్లు ఎక్కినంత. దిగాల్సిందీ అంతే. ర్యాట్ జా అనే వాలు కరెంటు తీగల కోసం చెట్లు కొట్టేసిన పట్టీ వెంట పోతుంది. కిలోమీటరు లోపే సుమారు 300 మీటర్లు పైకి లేస్తుంది, పైగా ముళ్ళ తీగలు చర్మాన్ని చీరేస్తాయి. ఇలాంటి చోట ఎవరూ పరిగెత్తరు. ముందుకు వంగి, అరచేతులు తొడల మీద ఆనించి, చిన్న చిన్న అడుగులతో ఎక్కుతారు. అసలు దెబ్బ దిగేటప్పుడు తగులుతుంది. ఎక్కేటప్పుడు తొడ కండరం కుదించుకుంటూ పని చేస్తుంది. దిగేటప్పుడు ఒంటి బరువును ఆపుతూ, సాగుతూనే బిగుసుకోవాలి. కండరపు పోగులు ఎక్కువగా దెబ్బతినేది అప్పుడే. ఆయాసం ఆగితే తగ్గుతుంది, ఈ నొప్పి తగ్గదు. రాలిన ఆకుల కింద రాళ్ళుంటాయి, వాటి మీద ఎక్కడ కాలు పడుతుందో కనపడదు. కొండ పరుగు నేర్చుకునేవాళ్ళు ఎక్కడం మీద పెట్టే సాధనలో సగమైనా దిగడం మీద పెట్టరు. ఇది నాకెప్పుడూ వింతగానే ఉంటుంది.

గుర్తుల్లేని దారి: ఈ వాక్యానికి ప్రాణం ఈ మాటలోనే ఉందని నా నమ్మకం. మామూలు కొండ పందేల్లో కొమ్మలకు రంగు రిబ్బన్లు కడతారు, మలుపు దగ్గర బాణం గుర్తు పెడతారు. ఇక్కడ అవేవీ లేవు. జీపీఎస్ నిషిద్ధం. శిబిరంలో పెట్టిన అసలు మ్యాప్ చూసి ఎవరి మ్యాప్ మీద వాళ్ళు దారి గీసుకోవాలి. రాతలో ఇచ్చిన సూచనలు, దిక్సూచి వెంట పట్టుకెళ్ళాలి. దారిలో చాలా భాగం కాలిబాటే లేని అడవి.

కొండ గట్లు చెట్టు కొమ్మల్లాంటివి. కింది నుంచి ఎక్కేవాడు ఏ కొమ్మ పట్టుకున్నా చివరికి మానుకే చేరతాడు, ఎందుకంటే గట్లన్నీ శిఖరం దగ్గర కలుస్తాయి. పై నుంచి దిగేవాడికి అవే గట్లు విడిపోతూ పోతాయి. శిఖరం దగ్గర దిక్కు కొంచెం తప్పినా అడుగుకు చేరేసరికి వేరే లోయలో ఉంటాడు, అక్కణ్ణుంచి మళ్ళీ పైకి ఎక్కి రావాల్సిందే. అందుకే దిశ మార్చాలన్న నియమం అంత కఠినమైంది. కొన్ని చుట్లు గడియారం ముల్లు తిరిగే వైపు, మరికొన్ని ఎదురు వైపు వెళ్ళాలి. నిన్న ఎక్కిన వాలే ఇవాళ దిగాలి. అదే నేల, అదే చెట్లు, కానీ సమస్య మాత్రం కొత్తది. పొగమంచు కమ్మితే, అర్ధరాత్రయితే మరీను. ఇక ఐదో చుట్టు దాకా వచ్చినవాళ్ళను ఒకరి తర్వాత ఒకరిని ఎదురెదురు దిక్కులకు పంపుతారు. అప్పటిదాకా దారి తెలిసినవాళ్ళ వెంట నడిచినవాళ్ళకు ఇక తోడుండదు.

ఈ నియమాలను క్రూరమని రాసేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. అడవిని ఎవరికి వాళ్ళే చదువుకోవాలనడం క్రూరత్వం కాదు. రన్నర్‌ను పెద్దమనిషిగా చూసి, నిర్ణయం అతని చేతికివ్వడం అది.

పుస్తకాలు: దారి పొడుగునా రాళ్ళ కింద, చెట్టు తొర్రల్లో పాత పుస్తకాలు దాస్తారు. తన ఛాతీ మీది నంబరున్న పేజీని ఒక్కో పుస్తకం నుంచి చించి తేవాలి. చుట్టు చుట్టుకూ నంబరు మారుతుంది. ఒక్క పేజీ తక్కువైనా ఆ చుట్టు లెక్కకు రాదు.

అదే గేటు: బయల్దేరే వేళ ముందుగా చెప్పరు. ఏ రాత్రో తెల్లవారుజామునో శంఖం ఊదితే ఇంకో గంటలో మొదలని అర్థం. కాంట్రెల్ సిగరెట్ వెలిగించగానే పరుగు మొదలవుతుంది. గేటు పక్కనే శిబిరం. తిండి, పొడి బట్టలు, సొంతవాళ్ళ సాయం అక్కడ మాత్రమే, గడియారం ఆగదు. ప్రతి చుట్టు చివరా మనిషి తన టెంటు ముందుకే వస్తాడు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి సాగే పందెంలో మానేసినా ఎలాగో బయటపడాలి, కాబట్టి కాళ్ళు కదులుతూనే ఉంటాయి. ఇక్కడ మానడానికి పక్కకు రెండడుగులు చాలు. వెచ్చని దుప్పటిని చూసి కూడా వెనుదిరిగి చీకట్లోకి నడవాలి, నాలుగుసార్లు. ర్యాట్ జా కంటే ఇదే కష్టమని నాకనిపిస్తుంది. మానేసినవాళ్ళ కోసం బ్యూగిల్ మీద సైనికుల వీడ్కోలు రాగం ఊదుతారు. 40 గంటల లోపు 3 చుట్లు ముగిస్తే దానికి ‘ఫన్ రన్’ అని పేరు. చాలామంది గట్టి రన్నర్లకు అదే జీవితకాలపు ఘనత.

60 గంటలు: చుట్టుకు సగటున 12 గంటలు. నిద్రకు మిగిలేది నిమిషాలే. 5 చుట్లూ గడువులోగా ముగించిన మొదటి మనిషి మార్క్ విలియమ్స్, 1995లో. 2024 నాటికి ఆ పని చేసినవాళ్ళు మొత్తం 20 మందే. ఆ ఏడాదే బ్రిటన్‌కు చెందిన జాస్మిన్ ప్యారిస్ 59 గంటల 58 నిమిషాల 21 సెకన్లకు గేటును తాకింది. 5 చుట్లూ గడువులోగా ముగించిన మొదటి మహిళ ఆమే, మిగిలింది 99 సెకన్లు.

2017లో కెనడా రన్నర్ గ్యారీ రాబిన్స్ పేజీలన్నీ పట్టుకుని గడువు దాటిన 6 సెకన్లకు గేటు చేరాడు. ఆ 6 సెకన్ల కథే లోకమంతా తిరిగింది. కానీ అతను ఓడింది సెకన్ల వల్ల కాదు. చివరి పుస్తకం తర్వాత పొగమంచులో దిక్కు తప్పి, తప్పుడు వైపు నుంచి గేటుకు వచ్చాడు. సుమారు 2 మైళ్ళ దారి మిగిలిపోయింది. ముందే చేరి ఉన్నా ఆ చుట్టు చెల్లేది కాదని కాంట్రెల్ స్పష్టంగా చెప్పాడు. రాబిన్స్ కూడా ఒప్పుకున్నాడు.