సంగ్రహణి నుంచి ఎర్ర గోళీ దాకా

కేసముద్రం మండలంలో గర్భిణులకు ఆశా కార్యకర్తలు పంచే ఎర్ర బిళ్లలను అందరూ ‘ఐరన్ గోళీలు’ అనే అంటారు. పేరు ఇనుముకు దక్కింది గానీ, ఒక్కో గోళీలో 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. దాన్ని మొదట ప్రయోగశాలలో తయారు చేసిన బృందానికి పెద్ద, భీమవరంలో పుట్టిన తెలుగువాడు. ఆయన సోదరులిద్దరిని పొట్టన పెట్టుకున్నది సంగ్రహణి అనే చిన్నపేగు జబ్బు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. సోదరులు కొద్ది రోజుల తేడాతో సంగ్రహణికి బలయ్యారు. ఆ తర్వాత అదే జబ్బు ఆయన్నీ పట్టుకుంది. దొరల వైద్యానికి లొంగని ఆ రోగం నుంచి ఆయన్ను గట్టెక్కించింది ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్స. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టి ప్రొఫెసర్ కోపానికి గురైన సుబ్బారావుకు ఎంబీబీఎస్ కాక, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టాయే దక్కింది. ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించి, 1923లో హార్వర్డ్‌కు ఓడెక్కారు.

ఈ జబ్బు కొత్తదేమీ కాదు. చరక సంహితలో గ్రహణికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. విలియం హిల్లరీ అనే ఆంగ్ల వైద్యుడు 1759లో బార్బడోస్‌లో ఇలాంటి లక్షణాలనే వర్ణించాడు. తెల్లబారిన జిడ్డు విరేచనాలు, పుండుపడిన నాలుక, చిక్కిపోయే ఒళ్లు, నెత్తురు లేని ముఖం. తిన్నది ఎక్కడికి పోతోందో మాత్రం రెండు శతాబ్దాలపాటు అంతుపట్టలేదు. ప్రాణం పోయిన గంటల్లోనే పేగు లోపలి పొర పాడైపోతుంది కాబట్టి శవపరీక్షలు పెద్దగా అక్కరకు రాలేదు. 1957లో క్రాస్బీ గుళిక వచ్చింది. రోగి దాన్ని మింగితే, లోపలున్న చిన్న కత్తి పేగు పొరలోంచి రవ్వంత ముక్క కోసుకొచ్చేది.

ఆ ముక్కల్లో కనిపించింది ఇది. సుమారు ఆరు మీటర్ల చిన్నపేగు లోపలంతా మిల్లీమీటరు కూడా లేని వేళ్లలాంటి చూషకాలు మఖమలు నూగులా నిలబడి ఉంటాయి. పోషకాలను పీల్చుకునేది అవే. సంగ్రహణిలో అవి పొట్టివై, మొద్దుబారిపోతాయి. పేగు పొరలోని కణాలు మూడు నుంచి ఐదు రోజులకోసారి కొత్తవి పుట్టాలి. వాటి పుట్టుకకు ఫోలిక్ ఆమ్లం కావాలి. ఆ ఆమ్లం ఒంటికి పట్టేదేమో ప్రధానంగా పేగు పైభాగంలోనే! అంటే పొర చెడితే ఆమ్లం అందదు, ఆమ్లం అందకపోతే పొర బాగుపడదు.

సోదరుల చావుకు ప్రతీకారంగానే సుబ్బారావు ఫోలిక్ ఆమ్లం కనిపెట్టారని చెప్పుకోవడం మనవాళ్లకు ఇష్టం. నిజానికి ఆ వెతుకులాట నడిచింది కాలేయ సారంలో, పెర్నీషియస్ అనీమియా అనే మరో రక్తహీనతకు మందు కోసం. అంతకుముందే, 1931లో, బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతుందని లూసీ విల్స్ అనే వైద్యురాలు చూపించింది. అందులోని గుణం ఫోలిక్ ఆమ్లానిదేనని తర్వాత తేలింది. 1945లో అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీ ప్రయోగశాలలో సుబ్బారావు బృందం దాన్ని కృత్రిమంగా తయారు చేసింది. వెతికిన జబ్బుకు అది సరైన మందు కాలేదు. దానికి బి12 రావాల్సి వచ్చింది. సంగ్రహణి రోగులకు మాత్రం బాగా పనిచేసింది. టామ్ స్పైస్ అనే వైద్యుడు ఇచ్చి చూస్తే రోగుల నాలుక మానింది, ఆకలి పుట్టింది, రక్తం పెరిగింది.

అయితే ఈ జబ్బులో పేగులో తిష్ట వేసే బ్యాక్టీరియా సంగతి మిగిలే ఉంది. 1960–61లో దక్షిణ భారత గ్రామాల్లో ఈ జబ్బు మహమ్మారిలా పాకినప్పుడు వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన బేకర్, మాథన్ దాన్ని ఊరూరా అధ్యయనం చేశారు. ఇప్పుడు చికిత్సలో ఫోలిక్ ఆమ్లంతో పాటు ఆ బ్యాక్టీరియాను అణచే టెట్రాసైక్లిన్ కూడా నెలల తరబడి ఇస్తారు. ఆ జాతి మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా లెడర్లీలో, సుబ్బారావు పరిశోధనాధిపతిగా ఉండగా బెంజమిన్ డగ్గర్ చేతుల్లో పుట్టిందే. అది లోకానికి తెలిసింది 1948లో. ఆ ఏడాది ఆగస్టులోనే, 53 ఏళ్ల వయసులో, సుబ్బారావు న్యూయార్క్‌లో కన్నుమూశారు.