తుపాకి గజము, దాని కొన

పంటకాపుకు మూతినుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇచ్చేందుకు 1959 ఆయుధాల చట్టంలో చోటున్నది. తుపాకిని తుడుచుకుంటాం గాని, దాని గజాన్ని ఎవరు చూస్తారు?

17వ శతాబ్దిలో ఐరోపా సిపాయిల గజాలు చాలావరకు కర్రవే. హడావుడిలో పుటుక్కున విరిగేవి. విరిగిందా, తుపాకి ఉట్టి దుడ్డుకర్రే! 18వ శతాబ్ది తొలినాళ్లలో ప్రష్యా సేనాని, దెస్సౌ ప్రభువు లియోపోల్డ్ ఇనుప గజం వాడుకలోకి తెచ్చెను. 1741 ఏప్రిల్ 10న మోల్విట్జ్ వద్ద ప్రష్యా గుర్రపుదళం చెదిరిపోయినా, కాల్బలం వడివడిగా కాల్చి గెలిచింది. కసరత్తు గొప్పే, గజానికీ కొంత పేరు దక్కాలి.

అమెరికా వేటగాళ్లు మాత్రం హికరీ కర్రను విడువలేదు. రైఫిలు గొట్టం లోపల మరచుట్ల వంటి గాడులుంటాయి; ఇనుము ఒరిసి మూతి దగ్గర అవి అరిగితే గురి చెడుతుంది. కనుక నార తిన్నగా ఉన్న కర్రకు ఇత్తడి తొడుగు వేసి, అడ్డంగా సన్నని చీల దిగగొట్టేవారు. చీల లేకుంటే తొడుగు ఊడి గొట్టంలోనే ఉండిపోతుంది. కొనను కాస్త గుంటగా తొలిస్తే గుండు నలగదు. నా మట్టుకు ఇదే ఇష్టం.

నార అడ్డంగా పోయిన కర్ర ఎంత నున్నగా ఉన్నా వద్దండి. అది ఏటవాలుగా చీలి అరచేతిలో దిగుతుంది. గజాన్ని పొట్టిగా పట్టి, కొద్దికొద్దిగా దించండి.