పానీ, నీళ్ళు, వాయ్



మొన్న ఈద్‌కి పలివెలలో మా ఖాలా ఇంటికి వెళ్ళాను. షీర్ ఖుర్మా అయ్యాక ఖాలా తన పోతీని పిలిచి "పానీ లావ్ బేటా" అంది. ఏడేళ్ళ పిల్ల నీళ్ళు తెచ్చింది. గ్లాసు ఇస్తూ "దాదీ, నీళ్ళు అను. స్కూల్లో పానీ అంటే అందరూ నవ్వుతున్నారు" అంది. ఖాలా నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు. కొబ్బరి చెట్ల కింద కూర్చుంటే, కొబ్బరి చెట్లున్న ఇంకో చోటి తారీఖ్ యాదికొచ్చింది. అది హవాయి.

పసిఫిక్ సముద్రం నడుమ ఉన్న ఆ దీవుల జుబాన్‌లో మంచినీళ్ళని 'వాయ్' అంటారు. 'వాయ్‌వాయ్' అంటే దౌలత్. నీళ్ళే దౌలత్ అన్న మాట గోదావరి కాలవల కింద బతికే మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

1834లోనే వాళ్ళ జుబాన్‌లో అఖ్బార్ వచ్చింది. 1948 దాకా అలాంటివి దాదాపు వంద నడిచాయి. వాళ్ళ బాద్షా కలాకౌవా 1881లో దునియా చుట్టి వచ్చాడు. దారిలో జోహోర్‌లో ముస్లిం పాలకుడు అబూ బకర్‌కి మెహమాన్ అయ్యాడు. మలయ్ జుబాన్, హవాయి జుబాన్ దూరపు చుట్టాలు. మలయ్‌లో 'లిమా' అంటే ఐదు, హవాయిలో అదే మాటకి చెయ్యి అని కూడా అర్థం. ఆ సఫర్‌లోనే ఆయన కలకత్తా, బొంబాయి కూడా చూశాడు. చెరకు తోటలకి మజ్దూర్‌లను వెతకడం కూడా ఆ సఫర్ మక్సద్‌లలో ఒకటి.

ఆ చెరకే హుకూమత్‌ని మింగేసింది. 1893 జనవరి 17న తోటల మాలిక్‌లు, వ్యాపారులు అమెరికా సిపాయిల అండతో మలికా లిలియుఓకలానీని గద్దె దించారు. 1897లో 21 వేల మందికి పైగా అవామ్ తమ వతన్‌ని అమెరికాలో కలపొద్దని అర్జీల మీద దస్తఖత్ చేశారు. అయినా 1898లో కలిపేసుకున్నారు. అంతకుముందే, 1896లో, బడుల్లో ఇంగ్లీషే తాలీమ్ జుబాన్ కావాలని కానూన్ తెచ్చారు. అమ్మ మాట మాట్లాడిన పిల్లలకి బడిలో సజా పడేది. పిల్లలు పడ్డ ఆ దెబ్బలు తమ పిల్లలకి తగలకూడదని, పెద్దయ్యాక వాళ్ళే ఇంట్లో ఇంగ్లీషుకి మారిపోయారు.

మనవాళ్ళ కిస్సా కూడా ఇలాంటిదే. 1903 నుంచి మద్రాసు ఓడలు ఫిజీ చెరకు తోటలకి తెలుగువాళ్ళని మోసుకెళ్ళాయి. మద్రాసు వైపు నుంచి వెళ్ళినవాళ్ళలో ముస్లింలూ ఉన్నారు. 'అగ్రిమెంట్' వాళ్ళ నోట 'గిర్మిట్' అయింది. తెలుగు నిలబెట్టుకోవాలని అక్కడ 1941లో ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. కానీ తోటల్లో అందరినీ కలిపింది ఫిజీ హిందీ. తరాలు గడిచేకొద్దీ ఇళ్ళలోనూ అదే మిగిలింది.

హవాయిలో మాత్రం కథ వెనక్కి తిరిగింది. 1978లో హవాయి జుబాన్‌కి సర్కారీ దర్జా వచ్చింది. దర్జా వచ్చిందని పిల్లల నోట మాట రాలేదు. 1980ల మొదట్లో 18 ఏళ్ళలోపు ఆ జుబాన్ బాగా వచ్చినవాళ్ళు 50 మంది కూడా లేరని అంచనా. అప్పుడు అమ్మానాన్నలు, టీచర్లు కదిలారు. 1984లో 'పూనానా లేయో' పేరుతో చిన్నపిల్లల బడి తెరిచారు. 'గొంతుల గూడు' అని ఆ పేరుకి అర్థం. అందులో నానా, నానీల మాట తప్ప ఇంకోటి వినపడదు. ఈ రోజు ఆ జుబాన్‌లో బడి చదువే కాదు, యూనివర్సిటీ డిగ్రీలూ ఉన్నాయి.

మన ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూకి రెండో అధికార భాష దర్జా వచ్చింది. ఖుషీయే. కానీ ఆ కాగితం పలివెలలో మా ఖాలా వంటింటి దాకా రాదు. నేను ఉర్దూ బడిలో చదివాను, తెలుగులో డిగ్రీ చేశాను. ఒకటి ఇంకోదానికి అడ్డం రాలేదు. పిల్లలకి రెండు జుబాన్‌లు బరువు కాదు, బరువయ్యేది షరమ్.

బయల్దేరే ముందు ఆ పిల్లని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాను: "స్కూల్లో నీళ్ళు అను, దాదీ దగ్గర పానీ అను. హవాయిలో వాయ్ అంటారు, తెలుసా?" మూడూ ఒకసారి పలికి చూసుకుంది. తర్వాత ఖాలా వైపు తిరిగి అడిగింది: "దాదీ, ఔర్ పానీ హోనా క్యా?"

ఈసారి ఖాలా నవ్వలేదు. పిల్లని దగ్గరికి లాక్కుంది.