సాక్షి సంతకం

క్రిస్మస్ వెళ్ళిన మరుసటి ఆదివారం. పొద్దున ఏడు దాటింది. మీరు డోన్ జంక్షన్‌లో రైలు దిగారు. చలి ఇంకా వదల్లేదు. గుంతకల్లు దారి, నంద్యాల దారి, కర్నూలు మీదుగా సికింద్రాబాదు పోయే దారి కలిసేది ఇక్కడే. అందుకే ప్లాట్‌ఫారం మీద ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు మూటల మీద కూర్చుని మరో రైలు కోసం చూస్తుంటారు. బయటికొస్తే తోపుడుబండి మీద ఉగ్గాని, పక్క బాణలిలో మిరపకాయ బజ్జీలు. నోరూరుతుంది. అయినా ఆగండి. సత్ప్రసాదం తీసుకునేవాళ్ళు గంట ముందునుంచి ఏమీ తినరు, మీరు వెళ్తున్నది పూజకు.

బేతంచెర్ల బండలు వేసుకున్న లారీ ఒకటి తెల్లటి దుమ్ము లేపి పోతుంది. సున్నపురాయి గనులు, బండల పాలిష్ ఫ్యాక్టరీలు, రైల్వే. ఈ చుట్టుపక్కల చాలామందికి కూడు పెట్టేవి ఇవే. మిగతావాళ్ళకు వానను నమ్ముకున్న శెనక్కాయ చేను, కంది చేను. వాన మొహం చాటేస్తే వలసే.

ఆర్‌సీఎం (రోమన్ కథోలిక మిషన్) గుడి వాకిట్లో చెప్పులు విడిచి లోపలికి రండి. సాంబ్రాణి వాసన. పీఠం పక్కన క్రిస్మస్ పాకను ఇంకా తీయలేదు. దాని పైకప్పు జొన్న చొప్పతో వేశారు. మామూలు ఆదివారమైతే ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క జంపఖానాల మీద కూర్చుంటారు. ఇవాళ తిరుకుటుంబ పండుగ. జంటలన్నీ పక్కపక్కనే కూర్చోవాలని ఫాదర్ గారు పోయిన వారమే చెప్పి పెట్టారు. దాంతో నడిమి దారిలో తికమక. నలభై ఏళ్ళ మనిషొకడు ఆడవాళ్ళ వైపు పోలేక, నలుగురిలో పెండ్లాన్ని పిలవలేక నిలబడిపోయాడు. చివరికి ఆమే కొంగు తలమీదికి లాక్కుని లేచి వచ్చింది. "కూసో, అందరూ చూస్తాండారు" అంది మెల్లగా. ఇద్దరి మధ్యా జానెడు ఎడం పెట్టుకుని కూర్చున్నారు.

పూజ మొదలైంది. పౌలు కొలొస్సీయులకు రాసిన లేఖ చదవడానికి ముప్పై ఏళ్ళ అమ్మాయి లేచింది. ఒకరినొకరు ఓర్చుకోమని, క్షమించుకోమని చెప్పే భాగం అది. భార్యలు భర్తలకు లోబడమని, భర్తలు భార్యలను ప్రేమించి వాళ్ళతో కఠినంగా ఉండొద్దని చెప్పేదీ అక్కడే. ఆమె గొంతు వణకలేదు. మీ పక్కనున్న పెద్దామె మీవైపు వంగి చెబుతుంది: "మొగుడు తాగొచ్చి శానా కొడ్తాండె. చెయ్యి ఇరిగినంక ఇంగ పోలేదు. బిడ్డతో అమ్మగారింట్ల ఉంటాది. చదివేదానికి ఈ పాపనే రమ్మని సిస్టరమ్మ పిలిచింది."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పెళ్ళి బంధం చావుతో తప్ప తెగదన్నది కథోలిక విశ్వాసం, నేనూ దాన్ని నమ్ముతాను. కానీ ఆ మాటను పట్టుకుని దెబ్బలు తినే ఆడబిడ్డను మళ్ళీ అదే గడపలోకి తోసేవాళ్ళు శ్రీసభ పుస్తకం సగమే చదివినట్టు. ఒంటికో ప్రాణానికో ముప్పున్నప్పుడు వేరుగా ఉండే హక్కును 1983 నాటి శ్రీసభ చట్టం 1153వ సూత్రంలో స్పష్టంగా ఇచ్చింది. అలాంటి చోట విడిగా ఉండడం కొన్నిసార్లు ధర్మమే అవుతుందని ఫ్రాన్సిస్ పోపు గారు 2016లో వెలువరించిన 'అమోరిస్ లెతీసియా'లో రాశారు. మన దేశ చట్టమే ఆలస్యంగా కళ్ళు తెరిచింది. 1869 నాటి విడాకుల చట్టం కింద క్రైస్తవ స్త్రీ, భర్త తనను హింసిస్తున్నాడని చూపిస్తే చాలదు, అతను వ్యభిచారి అని కూడా రుజువు చేయాల్సి వచ్చేది. 2001లో గానీ పార్లమెంటు ఆ షరతు తీసేయలేదు. అన్నేళ్ళలో ఎందరు నోరు మూసుకుని పడి ఉన్నారో తలచుకుంటే కడుపు రగులుతుంది. ఇవాళ ఈ అమ్మాయిని ఒక మూల కూర్చోబెట్టకుండా గ్రంథపీఠం దగ్గరికి పిలవడం చిన్న పని కాదు.

సువార్తకు అందరూ లేచారు. ఈ పండుగకు మూడేళ్ళకోసారి మత్తయి సువార్తలోని ఈజిప్టు ప్రయాణం వస్తుంది. హేరోదు బిడ్డను చంపాలని చూస్తున్నాడని కలలో తెలిసి, యోసేపు రాత్రికి రాత్రే లేచి బిడ్డను, తల్లిని తీసుకుని బయల్దేరతాడు.

ఫాదర్ గారు ప్రసంగం ఎత్తుకున్నారు. "గుంటూరు మిరప కోతలకు ఈ ఏడు ఎంతమంది పోతాండారు?" అని అడిగారు. గుడిలో సగం చేతులు లేచాయి. పత్తికొండ, ఆలూరు, కోసిగి వైపు నుంచి ఏటేటా జనం పోయే దారే అది. "యోసేపు ఒక్కడే పోయి దాక్కోలేదు. ఇద్దరినీ ఎంటబెట్టుకుని పోయినాడు. దేశంకాని దేశంలో కూలి చేసి సాకినాడు. మీరు పిల్లోళ్ళను అవ్వల కాడ ఇడిసి పోతారు, కొందరిని సర్కారు సీజనల్ హాస్టళ్ళలో పెడతారు. తప్పని నేననను, కడుపు తిప్పలు నాకూ తెలుసు. కానీ మొగుడూ పెండ్లాలు కల్లం కాడ ఒకే గుడిసెలో ఉండి కూడా నాలుగు నెలలు మాట్లాడుకోకుండా తిరిగొచ్చినోళ్ళను నేను చూసినా."

తర్వాత ఆయన పునీతురాలు చిన్న తెరెజమ్మ తల్లిదండ్రుల కథకు వచ్చారు. తండ్రి లూయీ గడియారాలు బాగుచేసేవాడు, తల్లి జేలీ లేసు అల్లించేది. తొమ్మిదిమంది పిల్లల్లో నలుగురిని చిన్నతనంలోనే మట్టికిచ్చారు. 1858లో పెళ్ళి, 1877లో జేలీ రొమ్ము క్యాన్సరుతో పోయింది. 2015 అక్టోబరులో ఇద్దరినీ కలిపి ఒకే రోజున పునీతులుగా ప్రకటించారు. భార్యాభర్తలను జంటగా అలా ప్రకటించడం శ్రీసభలో అదే మొదలు. "జీవితాంతం అంటే యాభై ఏండ్లని ఎవరు చెప్పినారు? వాళ్ళకు దొరికింది పంతొమ్మిదే."

ఆ మాటకు వితంతువులు కూర్చున్న వైపు ఎవరో గట్టిగా ముక్కు చీదారు. ఫాదర్ గారు అటే తిరిగారు. "ఇప్పుడు జంటలు పెళ్ళినాటి మాట మళ్ళీ ఇస్తారు. దీవించేది నేనొక్కడినే కాదు. మొగుణ్ణి పోగొట్టుకున్న తల్లులంతా ముందుకు రండి. మీరు కడదాకా నిలబెట్టుకున్నోళ్ళు."

మన ఊళ్ళలో శుభకార్యానికి ఎదురు రాకూడదని పక్కకు నెట్టే మనుషులు వాళ్ళు. వాళ్ళకే నమ్మకం కుదరలేదు. ఒకామె లేచింది, ఇంకొకామె లేచింది. చూస్తుండగానే పీఠం ముందు తెల్ల కొంగులు, వెలిసిన నూలు చీరలు బారు కట్టాయి. జంటలు వంచిన తలల మీదికి వాళ్ళ చేతులు చాపుకున్నాయి. ఆ రోజు పూజ మొత్తంలో ఇంతకన్నా పెద్ద సువార్త వినలేదనిపించింది నాకు.

కుడిచేతులు కలుపుకోమన్నారు. సుఖంలోనూ కష్టంలోనూ, జబ్బులోనూ ఆరోగ్యంలోనూ విడిచిపెట్టనన్న మాటను ఫాదర్ గారు ముక్కముక్కగా పలుకుతుంటే భర్తలు వెంట పలుకుతున్నారు. ముందు వరసలో యాభై ఏళ్ళ పెళ్ళి నిండిన జంట ఉంది. ఆయన రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి దిగిపోయాడు. చెవులు ఇప్పుడు బొత్తిగా వినబడవు. అందరూ రెండో ముక్కకు వచ్చినా ఆయన దిక్కులు చూస్తున్నాడు. ఆమె ఆయన భుజం పట్టి వంచి, చెవి దగ్గర నోరు పెట్టి ఒక్కో ముక్కా అరిచి చెప్పింది. ఆమె చెప్పిందే ఆయన తిరిగి ఆమెకు చెప్పాడు. మిగతా జంటలన్నీ ముగించేశాయి. ఎవరూ తొందరపెట్టలేదు. ఆయన ఆఖరి ముక్క అయ్యేదాకా ఫాదర్ గారు పుస్తకం మూయలేదు.

పూజ చివర ప్రకటనలు. సంక్రాంతి తర్వాత జరగబోయే పెళ్ళి ఒకటి ఉంది. తపస్సు కాలం వచ్చిందంటే పెళ్ళిళ్ళుండవు గనక జనవరిలోనే చేస్తున్నారు. అబ్బాయి పేరు, అమ్మాయి పేరు, తల్లిదండ్రులు, ఊళ్ళు చదివి, అడ్డంకి ఏదైనా ఎవరికైనా తెలిస్తే వచ్చి చెప్పాలన్నారు. అందరూ చెవులు రిక్కించారు. ఇది రెండో ప్రకటన. ఇంకో ఆదివారం మిగిలింది. ఊరు ఊరంతా విని ఒప్పుకున్నాకే మాట చెల్లుతుందన్న ఈ పద్ధతి నాకు ఎంతో ఇష్టం.

ఆఫీసు గదిలోకి రండి. గోడ మీద పూల అంతోని గారి ఫొటో ఉంది. 1967లో నెల్లూరు మేత్రాసనం నుంచి విడదీసి ఏర్పరచిన కర్నూలు మేత్రాసనానికి 2008 నుంచి 2020 దాకా ఆయనే మేత్రాణులు. 2022లో కార్డినల్ అయ్యారు, తెలుగువాళ్ళలో మొదటివారు. ఇక్కడి జనానికి మాత్రం ఆయన ఇప్పటికీ "మా బిషప్పు".

బల్ల మీద పాత వివాహ రిజిస్టరు. గ్యాంగ్‌మన్ తాత తన పేజీ చూపించమన్నాడు. పెళ్ళికొడుకు సంతకం వంకరటింకరగా ఉంది, పెళ్ళికూతురిది వేలిముద్ర. కింద ఇద్దరు సాక్షులవీ వేలిముద్రలే. విచారణ గురువో ఆయన తరఫున అధికారం పొందినవారో, వాళ్ళతో పాటు ఇద్దరు సాక్షులు ఉండాలనేది పెళ్ళికి శ్రీసభ పెట్టిన మామూలు నియమం. అవ్వ ఆ ముద్రల్లో ఒకదాని మీద వేలు పెట్టి, "ఈయమ్మి మా పెద్దమ్మ కూతురు" అంది. "మొదటేడు కొట్లాడి పుట్టింటికి పోతాంటే రైలుకట్ట కాడ ఆపి వాళ్ళింటికి పిల్చకపోయింది. మూడు రోజులు కూడు పెట్టింది. ఈయప్పను పిలిపించి నా ముందరే బాగా తిట్టింది."

ప్రకటన చదివించుకున్న అమ్మాయి కాగితాల కోసం వచ్చి వాకిలి దగ్గర నిలబడింది. అవ్వ ఆమె వైపు తిరిగింది.

"ఏమ్మా, నీ సాక్షి ఎవరు?"

"మా పిన్నమ్మ. బెంగుళూరులో ఉంటాది."

"అంత దూరమా?" అవ్వ ఫాదర్ గారి మొహం చూసింది. "సామీ, ఇంకో పేరు రాసుకోవచ్చునా?"

ఆయన నవ్వి పెన్ను తీశారు. ఇద్దరికి తక్కువ ఉండకూడదు, ఎక్కువైతే అడ్డం లేదన్నారు. అవ్వ అమ్మాయికి తన ఇంటి గుర్తులు చెప్పడం మొదలుపెట్టింది: రైల్వే గేటు దాటినాక ఎడమ పక్క, వేపచెట్టు ముందర, నీలం తలుపు.