దోమ, తుపాకి, సామ్రాజ్యం



మన చిల్లకల్లు మీదుగా సాగే జాతీయ రహదారిలో పడమరగా పయనిస్తే హైదరాబాదు చేరతాము. ఆ జంటనగరాలలోని బేగంపేటలో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. ఆ దోమలు కుట్టినది హుసేన్ ఖాన్ అనే రోగిని. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి లభించింది; హుసేన్ ఖాన్‌కు దక్కినది దోమకొక అణా.

మరుసటి ఏడాదే అమెరికా స్పెయిన్‌తో యుద్ధం చేసి కొద్ది నెలలలోనే గెలిచింది. 1898 డిసెంబరు 10నాటి పారిస్ ఒప్పందంతో పోర్టోరికో, గువామ్ దాని వశమయ్యాయి. ఫిలిప్పీన్స్ కోసం 2 కోట్ల డాలర్లు చెల్లించింది. క్యూబా అమెరికా సైనిక పాలన కిందకు వచ్చింది. హవాయి దీవులను కూడా ఆ ఏడాదే కలుపుకొన్నది. అయితే ఈ యుద్ధంలో శత్రువు చేతిలో మరణించిన అమెరికన్ సైనికులు 400 మంది లోపే. టైఫాయిడ్, మలేరియా, ఎల్లో ఫీవర్ వంటి వ్యాధులతో మరణించినవారు 2,000 మందికి పైగా ఉన్నారు. భూమిని గెలవడం సులభం, అక్కడ బ్రతికి ఉండడం కష్టం అని ఆ సామ్రాజ్యానికి అప్పుడు బోధపడింది.

ఎల్లో ఫీవర్‌ను దోమ మోస్తుందని క్యూబా వైద్యుడు కార్లోస్ ఫిన్లే 1881లోనే చెప్పాడు. ఆ మాటను చాలాకాలం ఎవరూ లెక్కచేయలేదు. 1900లో వాల్టర్ రీడ్ బృందం ప్రయోగాలతో దానిని రుజువు చేసింది. విలియం గోర్గస్ హవానాలో నీటి తొట్లకు మూతలు పెట్టించి, నిలువ నీటిపై నూనె చల్లించగా, ఏడాదిలోనే ఆ జ్వరం దాదాపు మాయమయింది. ఇది వైద్యశాస్త్రం సాధించిన ఘనవిజయమే.

కాని మరో ముఖం కూడ చూడండి. 1901నాటి ప్లాట్ సవరణ క్యూబా మీద విధించిన షరతులలో నగరాల పారిశుద్ధ్యం ఒకటి. అంటే శుభ్రత పేరు కూడ పెత్తనానికి ఒక సాధనమయింది. ఫిలిప్పీన్స్‌లో 1902లో కలరా చెలరేగినప్పుడు పేదల ఇండ్లకు నిప్పుపెట్టారు. భయపడిన జనం రోగులను దాచారు. రెండేళ్లలో లక్ష మందికి పైగా మరణించారు. అమెరికా చేపట్టిన పనామా కాలువ తవ్వకంలో మరణించిన సుమారు 5,600 మందిలో అత్యధికులు వెస్టిండీస్ నుంచి వచ్చిన నల్లజాతి కూలీలు. దోమతెరలు అమర్చిన ఇండ్లు ముందుగా దక్కినది తెల్ల ఉద్యోగులకే.

చరిత్ర చెబుతున్నది ఒక్కటే: జ్ఞానం ఎవరి కోసం అన్న ప్రశ్నను వైద్యుడూ, ప్రజలూ కూడ అడగాలి. పారిశుద్ధ్యం బలవంతంగా వస్తే జనం రోగాన్ని దాచుకుంటారు. అది తమదే అనుకున్నప్పుడు తామే కాపాడుకుంటారు.

కనుక ఎవరి ఆజ్ఞ కోసమూ ఎదురుచూడకండి. ఇంటి తొట్లు, పాత టైర్లు, కొబ్బరి చిప్పలు వారానికొకసారి ఖాళీ చేసి ఆరబెట్టండి. నీటిలో పుట్టిన దోమపిల్ల రెక్కలు తొడగడానికి సుమారు ఒక వారం చాలు. తొట్టిని శుభ్రం చేయడానికి మనకు పది నిమిషాలు చాలు.